అయ్యో పాపము

కోరుట్లలో ఒక గల్లీ అరుగుమీద, ఎండ ఇంటిచూరు దిగకమునుపే, అయిదారుగురు స్త్రీలు చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచుండిరి. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించుట, చిటికెడు తంబాకు పోసి వేళ్ళ నడుమ దొర్లించుట, కొన మడిచి దారము చుట్టుట, ఈ పనులన్నియు వారి ముచ్చట్లకు అడ్డురాకుండ సాగిపోవుచుండెను. వారిలో ఒకామె కూర్చుండు చోటు ఖాళీగా నున్నది. ఆమెకు జ్వరము వచ్చి నాలుగు దినములైనదట. బీడీలు లెక్క అప్పగింపనిదే కూలి లేదు. అదియును గాక, వరుసగా కొన్నాళ్ళు మానినవారికి టేకేదారు ఆకు తగ్గించి వేయునని భయము. కావున మిగిలినవారు తాము చుట్టిన దానిలోనుండి తలకు రెండేసి కట్టలు తీసి, ఆమె పేర కొంతయైనను లెక్క చేరునట్లు, గోడవారనున్న ఆమె గంపలో వేయుచున్నారు. వారి కూలిలో రెండు కట్టలు చిన్న మాట కాదు. ఎందుకమ్మా యని నేనడుగగా వారిలో పెద్దామె తల యెత్తకుండనే చెప్పినది: "పాపం, పిల్లగాండ్లు గల్లది."

ఆ మాటను గూర్చి ఆనాటినుండి ఆలోచించుచున్నాను. సంస్కృతమున పాపమనగా చేయరాని కార్యము. దాని ఫలము దుఃఖము, నరకము. తెలుగువాడు ఆ మాటను తెచ్చుకొని శాస్త్రార్థమును శాస్త్రమునకు విడిచిపెట్టి, ఎదుటివాని కాలిలో ముల్లు దిగినను, కడపటి బస్సు దాటిపోయినను, కన్నబిడ్డ చేతికందక పోయినను, "అయ్యో పాపం" అని తాను నొచ్చుకొనుటకు దానిని వాడుకొనుచున్నాడు. అట్లన్నప్పుడు ఎదుటివాడు ఏ దుష్కృతము చేసెనోయని విచారణ చేయుట లేదు. పూర్వజన్మ లెక్కలు తీయుట లేదు. ధర్మమను మాటయు ఇట్టిదే. గుడిమెట్లమీది బిచ్చగాడు ధర్మము చేయండి బాబూ యని చేయి చాచినప్పుడు అతడడుగునది స్మృతులలోని వర్ణధర్మము గాదు, పిడికెడు మెతుకులు. సర్కారు వైద్యశాలను మన పెద్దలు ధర్మాసుపత్రి యనిరి. ఇక మతమందురా, ఆ శబ్దమునకు మన సాహిత్యమున తొలినుండియు అభిప్రాయమనియే యర్థము. సమ్మతము, అభిమతము, బహుమతము అను మాటలలో నేటికిని ఆ యర్థమే నిలిచియున్నది. దయను, ధర్మమును మతమునుండి వేరుగా పట్టుకొను నేర్పు మన నాలుకకు ఏనాడో అలవడినదని నాకు దోచుచున్నది.

అయినను, దైవమును నమ్మనివాడు మన నడుమ నిలిచి నేను మంచిగా బ్రతికెదననిన, వెంటనే వచ్చు ప్రశ్న యొకటి కలదు: దేవుని భయము లేనివానికి మంచిగా నుండవలసిన పని యేమి? ఈ ప్రశ్న పాతది. ఒక కార్యము దేవతలకు ప్రియమగుటచేత మంచిదైనదా, మంచిదగుటచేత దేవతలకు ప్రియమైనదా యని ఏథెన్సు నగరమున సోక్రటీసు అడిగి ఇరువదినాలుగు శతాబ్దములు దాటినది. కోరుట్ల అరుగుమీది స్త్రీలలో ఎవరును నాస్తికులు గారు. ఒకామె ముస్లిము, తక్కినవారు బిడ్డ పుట్టినను, ఇల్లు నిలిచినను వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించువారు. కాని గంపలో కట్టలు వేయునప్పుడు ఆమె అల్లాను తలచినదియు లేదు, వీరు రాజన్నను తలచినదియు లేదు. జ్వరముతో పడుకొన్న తల్లియు, ఆమె పిల్లలును మాత్రమే వారి కన్నులముందు మెదలిరి. నమ్మువాని దయకును నమ్మనివాని దయకును ఊట యొకటేయని నేను చెప్పదలచినది. ఆ ఊటమీద గుడి కట్టుకొన్నవాడు కట్టుకొనవచ్చును. కట్టుకొననివాని బావి ఎండిపోవునని శపించుట మాత్రము న్యాయము గాదు.

ఇది పరదేశమునుండి దిగుమతియైన తలంపు అనువారికి ఈ సీమ చరిత్రయే సమాధానము. కరీంనగరునుండి జగిత్యాలకు పోవు త్రోవలో గంగాధర యను ఊరున్నది. సోమదేవసూరియను జైనపండితుడు తన యశస్తిలక చంపువును క్రీ.శ. 959లో ముగించినది అక్కడనే. ఆ చేరువనే కురిక్యాల బొమ్మలగుట్టపై, పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనమున, తెలుగు కందపద్యములు నేటికిని రాతిపై నున్నవి. ఆ కాలమున వేములవాడ చాళుక్యుల రాజధాని. ఆ యూర సోమదేవునికై ఒక జినాలయము కట్టించిరి. జైనము మతము కాదనను; అయితే సృష్టికర్తయగు ఈశ్వరుని అంగీకరింపని మతమది. లోకమును సృష్టించి, శిక్షించి, రక్షించు ప్రభువు లేడని చెప్పుచునే, చీమకైనను కీడు చేయరాదని బోధించినవారు ఈ గుట్టలమీద వేయేండ్లకు పూర్వమే తిరుగాడిరి. ఆ సోమదేవుడే రచించిన నీతివాక్యామృతము తెరచినవారికి ఒక వింత కనబడును: నమస్కారము ధర్మార్థకామములను ఫలించు రాజ్యమునకు చేయబడినది. మనుష్యులు కూడి బ్రతుకు వ్యవస్థకు మ్రొక్కి సూత్రముల నారంభించిన ఆ పండితుడు మన పొరుగూరివాడు గదా యని గంగాధర మీదుగా పోవునప్పుడెల్ల నాకు గర్వముగా నుండును.

ఆధునికకాలమున ఈ ప్రశ్నకు పుస్తకముతో గాక బ్రతుకుతో బదులు చెప్పిన తెలుగువాడు గోరా. గోపరాజు రామచంద్రరావు 1902 నవంబరు 15న జన్మించెను, వృక్షశాస్త్రము చదివెను, సంప్రదాయ బ్రాహ్మణకుటుంబమున పుట్టియు జంధ్యము విసర్జించి, తండ్రియింటికి దూరమయ్యెను. నాస్తికాభిప్రాయముల కారణమున 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగము పోయెను. బందరు హిందూకళాశాలలో మరికొన్నేండ్లు పాఠములు చెప్పి, ఆ కొలువును తానే వదలి, 1940లో భార్యాబిడ్డలతో కృష్ణాజిల్లా ముదునూరు చేరి నాస్తికకేంద్రము స్థాపించెను. పదేండ్ల ప్రాయమున ఆయనను పెండ్లాడిన సరస్వతి, గర్భిణులు గ్రహణము చూచిన బిడ్డకు అంగవైకల్యము కలుగునను భయము ఇంటింట నున్న దినములలో, కడుపుతో నుండి గ్రహణమును కన్నులార చూచెను. నేడు మనకిది సామాన్యముగా దోచవచ్చును. ఇంటిలోని పెద్దలందరు తలుపులు వేసికొని కూర్చున్నవేళ, లోపలి శిశువు యొక్క మేలుకీళ్ళు తనమీదనే యున్నవని యెరిగి వాకిటిలోనికి వచ్చిన ఆ యువతి గుండెదిటవు ఎట్టిదో తల్లులకు తెలియును.

ముదునూరున గోరా చేసినదేమి? దేవుడు లేడని దండోరా వేయుట కొంత. మాలమాదిగ పల్లెలలో వయోజనులకు చదువు చెప్పుట, అన్ని కులములవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టి భోజనములు పెట్టుట అంతకంటె ఎక్కువ. పిల్లలకు పెట్టిన పేర్లలో దేవతలు లేరు, కాలము కలదు: ఉప్పు సత్యాగ్రహమునాటి కొడుకు లవణము, ఎన్నికల గెలుపునాటివాడు విజయము, యుద్ధము మొదలైననాటివాడు సమరము. దైవముపై భారము వేసినవాడు తన తప్పునకు తాను బాధ్యుడు గాడని తప్పించుకొను ప్రమాదమున్నదనియు, ఆకాశమున ఎవరును లేరని తెలిసికొన్నవాడు తోటిమనిషివైపు తిరుగక తప్పదనియు ఆయన వాదము. తదుపరి కాలమున వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వము అను మూడు మాటల మొదటి అక్షరములను కూర్చి 'వాసవ్య' యను పదమును ఆ కేంద్రమువారు కల్పించుకొనిరి. విజయవాడలో స్త్రీలకై నెలకొల్పిన మహిళామండలికి ఆ పేరే పెట్టిరి.

గోరా బ్రతుకులో నన్ను మిక్కిలి కదిలించిన ఘట్టము సేవాగ్రాము వివాహము. 1944 చివర ఆయన గాంధీజీని కలిసికొనెను. ఒకరు రామనామము లేనిదే నిద్రింపనివారు. ఒకరు రామనామమే అబద్ధమనువారు. అయినను అస్పృశ్యతను రూపుమాపు పనిలో ఇద్దరి చేతులును ఒకే గంపను మోసినవి. సత్యమే దైవము అను నిర్ణయమునకు గాంధీజీ 1931 నాటికే వచ్చియుండుటచేత, సత్యము చాలును, దైవము వలదను ఈ బోధకుని ఆయన త్రోసిపుచ్చలేదు. గోరా తన పెద్దకుమార్తె మనోరమను అర్జునరావు అను హరిజన యువకునికిచ్చి చేయ నిశ్చయించినప్పుడు, గాంధీజీ రెండేండ్లు వేచియుండుమని చెప్పి, వివాహము తన ఆశ్రమముననే జరుగవలెననెను. ఆ క్రతువులో దైవమను మాట వచ్చు చోటులందెల్ల సత్యమను మాట చేర్చుటకు, ఆజన్మభక్తుడైన ఆ వృద్ధుడు, నాస్తికుని మనస్సు నొవ్వకుండ, సమ్మతించెను. ఆ వివాహమును కన్నులార చూచుటకు ఆయనకు ఆయువు చాలలేదు. 1948 జనవరిలో ఆయన హత్యకు గురియయ్యెను. మార్చినెలలో, ఆయన లేని సేవాగ్రామమున, ఆయన మాట ప్రకారము, ఆ వివాహము జరిగెను. గోరా వ్రాసిన 'గాంధీతో నాస్తికుడు' అను ఆంగ్లగ్రంథము 1951లో గాంధీజీ ప్రచురణసంస్థయగు నవజీవనము నుండియే వెలువడెను. భక్తుడు తన మంత్రములోని మాట మార్చుకొనెను, నాస్తికుడు భక్తుని ముంగిట బిడ్డ పెండ్లి చేసెను. ఇరువురిలో ఎవరును తన నమ్మకమును విడువలేదు. మన దేశమున మతసామరస్యమను పేర జరుగు సభలు ఎన్ని చూచినను ఇంత లోతైన సామరస్యము నేను చూడలేదు.

గోరా ఇంటి కోడలు హేమలత, మహాకవి జాషువ కూతురు. ఆమెయు, భర్త లవణముగారును మొదట స్టూవర్టుపురమున, పుట్టుకతోనే దొంగలని ముద్రపడిన కుటుంబముల నడుమ పనిచేసిరి. తరువాత వారు వచ్చినది కోరుట్లకు పొరుగునున్న నిజామాబాదు జిల్లాకు. అక్కడి పల్లెలలో, కరీంనగరు పల్లెలలోను, దళితకుటుంబపు ఆడపిల్లను చిన్ననాడే దేవతకిచ్చి పెండ్లిచేసి, జోగినిని చేసి, ఊరందరి పాలు చేయు ఆచారముండెడిది. ఊరికి అరిష్టము కలిగెనన్నను, ఇంట మగబిడ్డ లేడన్నను, ఒక పసిదాని మెడలో తాళి పడెడిది. ఆమె బిడ్డలకు తండ్రి పేరు లేదు. జాతరలో ఆమెను ఆడించువారికి, శవము ముందర ఆడించువారికి, మరునాడు ఆమె తిన్నదో లేదో అడుగు పని లేదు. హేమలతయు సహచరులును ఆ స్త్రీల వాడలకు పోయి, వారి ప్రక్కన కూర్చుండి, జోగినులకు వివాహములు జరిపించుటకును, బిడ్డలను బడికి పంపుటకును, చేతిపని నేర్పుటకును పూనుకొనిరి. ఈ ఉద్యమముల ఒత్తిడితోనే 1988లో ఆంధ్రప్రదేశమున దేవదాసీ సమర్పణనిషేధ చట్టము వచ్చెను. ఇందు ఒక విషయమును దాచరాదు. దేవతకు భయపడి ఆ పసిదాని తల్లిదండ్రులే ఆమెను అప్పగించిరి. వారు క్రూరులు గారు, భక్తులు. అట్టి భక్తిని కాదని, నీకు మొగుడు దేవుడు గాడు తల్లీ, నీవు మనిషివి యని చెప్పుటకు, దేవత కోపమునకు జంకనివారి మాటకే అక్కడ ధైర్యము చాలినది.

జగిత్యాల ప్రాంతమునకు ఈ ధైర్యము నేటికిని అవసరమైయున్నది. 2020 నవంబరులో మల్యాల మండలమున, బంధువు మరణమునకు మంత్రములు కారణమను అనుమానముతో ఒక యువకుని గదిలోనే తగులబెట్టిరి. 2022 జనవరిలో, జగిత్యాల పట్టణమునకు చేరిన టి.ఆర్. నగరున, కులసమావేశమునకు వచ్చిన ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కుమారులను, మంత్రములు చేయుచున్నారను నెపముతోనే పదిమంది చూచుచుండగా పొడిచి చంపిరి. చేతబడి, బాణామతి యను మాటలు మా తాతలనాటివని కొట్టివేయుటకు వీలులేదు. ఒకయింట వరుసగా ఇద్దరు చచ్చిరి. రోగమేమో ఎవరును విడమరచి చెప్పలేదు. దవాఖాన ఖర్చుకు అప్పు మిగిలెను. దుఃఖమునకు కారణము కావలెను, కారణమునకు ఒక ముఖము కావలెను. చాలమారులు ఆ ముఖము ఎదురింటి వృద్ధునిదో, వితంతువుదో, ఏ దిక్కును లేనివానిదో యగును. ఇచ్చట నాస్తికుడు చేయగల ఉపకారము వాదము గెలుచుట గాదు. మొదటి చావునాడే ఆ ఇంటికి పోయి, డాక్టరు చీటి చదివి చెప్పి, రెండవ జ్వరమునకు రోగిని వెంటబెట్టుకొని దవాఖానకు తీసికొనిపోవుట. అనుమానము పుట్టకమునుపే అక్కడ ఒక మనిషి కూర్చుండియుండవలెను.

అన్యాయముగా మాటాడరాదు గనుక ఇంకొకటియు చెప్పెదను. వేములవాడ ఆలయప్రాంగణమున ఒక దర్గా యుండుటయు, రాజన్నకు మ్రొక్కినవారే అక్కడను మ్రొక్కుటయు లోకవిదితము. నమ్మినవారి గుండె అంత విశాలముగానుండగలదు. నమ్మనివాడు తన ఇరుకుగుండెను నాస్తికత్వమని పిలిచికొనుటయు కలదు. పండుగనాడు పొరుగింటికి పోక, చావునాడు పాడె పట్టక, మీరందరు మూఢులని గుమ్మమున నిలిచి తర్కించువాడు దయామయజీవనము గడుపుచున్నాడని నేననను. మతము మనకు తత్త్వముకంటె ఎక్కువగా ఇచ్చుచున్నది తోడు. పుట్టుక, పెండ్లి, చావు అను మూడు దినములలోను మనిషి ఒంటరిగాడని ఏర్పాటు చేయుచున్నది. నమ్మకము వదలుకొనుట తేలిక. ఆ తోడును మరల కట్టుకొనుట కష్టము. నా యెరుకలో మతము విడిచినవారు చాలమంది ఓడిపోవునది తర్కములో గాదు, ఈ ఒంటరితనమునకే.

ఆ తోడు గుడి లేకయు పుట్టుననుటకు సిరిసిల్ల సాక్ష్యము. మరమగ్గమును అక్కడ సాంచ యందురు. ఆ సాంచల చప్పుడులో మాట వినబడదు, సైగలతోనే సంభాషణ. 2000 తరువాతి సంవత్సరములలో, నూలు ధర, కరెంటు ధర, అప్పు, అమ్ముడుపోని బట్ట, ఇవన్నియు ఒక్కమారు మీదబడి, ఆ పట్టణమున నేతకార్మికులు వరుసగా ప్రాణములు తీసికొనిరి. ఆ దినములలో ప్రక్క సాంచమీదివాడు ఒకపూట తన అన్నపుడబ్బా ముట్టకున్నచో గమనించి, షిఫ్టు దిగినంతనే ఇంటివరకు వెంట నడచుటయే కొందరికి మందైనది. దుబాయికి పోయినవారి గదులలోను ఇట్టిదే. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి యని మూడు దిక్కులు చెప్పుకొను ఈ జిల్లాల వలసకూలి అక్కడ మరణించినచో, గదిలోని నలుగురును, ఆ క్యాంపులోని నలుబదిమందియు, జీతములలో కొంత కొంత చందా వేసికొని శవపేటికను ఇల్లు చేర్చుచున్నారు. చందా వ్రాయు కాగితముపై కులమును, మతమును వ్రాయు గడి యుండదు.

గడి మాట వచ్చినది గనుక చట్టము సంగతియు చెప్పవలెను. మన రాజ్యాంగపు 25వ అధికరణము అందరికిని అంతఃకరణస్వేచ్ఛ నిచ్చినది. 2011 జనగణనలో తమ మతము చెప్పనివారు 28 లక్షలకు పైగా నమోదైరి. తమ బిడ్డ జననపత్రములో మతమును, కులమును లేవని వ్రాయు వీలు కల్పింపుమని కోరిన దంపతుల పక్షమున తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పు చెప్పెను. ఏ మతక్రతువును లేకుండ పెండ్లాడగోరువారికి 1954 నాటి ప్రత్యేక వివాహచట్టమున్నది. అందు ముప్పది దినముల నోటీసు, ముగ్గురు సాక్షులు, వధూవరుల మాట, సంతకములు, ఇంతే. అంత్యక్రియలు వలదనుకొన్నవారు దేహమును వైద్యకళాశాలకు ఇయ్యవచ్చును. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి గనుక దూరము మోసికొనిపోనక్కరలేదు. దినములు చేయనివారు సంస్మరణసభ చేయుచున్నారు. అయితే సభ ముగిసిన తరువాత ఆ ఇంట పొయ్యి వెలుగువరకు ఎవరో యొకరు అన్నము కూర వండి తేవలెను. ఆ వండి తెచ్చుటను ఏ చట్టమును నేర్పలేదు; మన పల్లెలలో అది దినముల తంతుకంటె ముందునుండియు ఉన్నదని నా నమ్మకము. బతుకమ్మ పేర్చిననాడు నమ్మనిపిల్ల చప్పట్లు కలిపి ఆడినచో ఏ తత్త్వమును చెడదు. తంగేడుపూలు కోసి తెచ్చుట, పదిమందితో చెరువుదాక నడచుట మనుష్యుల పనులే.

రెండు వారముల పిమ్మట కోరుట్లకు మరల పోయితిని. అరుగుమీద చోటు నిండినది. జ్వరము తగ్గిన ఆమె, ముఖము కొంచెము పాలిపోయి, చాట ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. ఈమారు ఖాళీగా నున్నది ఆ చివరి చోటు. అక్కడ కూర్చుండు ముస్లిము స్త్రీ, కూతురు కానుపునకని జగిత్యాల దవాఖానకు పోయినదట. మాటల నడుమనే ఈమె తన కట్టలలోనుండి రెండు తీసి, ఒక క్షణమాగి, మూడవదియు తీసి ఆ ముస్లిము స్త్రీ గంపలో వేసినది. మీరే యింకను తేరుకొనలేదు గదా యని నేనంటిని. దారము పంటితో కొరికి తెంపుచు ఆమె అన్నది: "ఏం జేస్తం సారూ, ఒక్కతే పోయింది పాపం."